అర్రే నుంచి లిస్టుకు: జావాతో ఊరికే వచ్చే అయిదు పనిముట్ల రివ్యూ

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ వేసి అమ్మే జావా నోట్సుల్లో కలెక్షన్స్ చాప్టర్ తీస్తే ఒక ప్రశ్న తరచూ కనిపిస్తుంది: అర్రేని అర్రేలిస్టుగా ఎలా మారుస్తారు? అర్రే అంటే పొడవు మారని వరుస, అర్రేలిస్ట్ అంటే అవసరాన్ని బట్టి పెరిగే వరుస. ప్రశ్న కింద ఒకే లైను జవాబు, ‘అర్రేస్ డాట్ యాజ్‌లిస్ట్’. ఆ జవాబు బట్టీ పట్టి హైటెక్ సిటీ ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లు రెండో ప్రశ్న దగ్గరే దొరికిపోతారు. ‘సరే, ఇప్పుడు దానికి ఇంకో ఎలిమెంట్ యాడ్ చేయండి’ అంటారు అవతలివాళ్లు. అక్కడ ప్రోగ్రాం పడిపోతుంది, అభ్యర్థి కూడా.

ఈ పనికి జావా లైబ్రరీలో కనీసం అయిదు పనిముట్లు ఉన్నాయి. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, చేసే పని మాత్రం వేరు. ఏది ఎంతవరకు ఆగుతుందో, ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో ఈ రివ్యూలో చూద్దాం. రివ్యూకి తీసుకున్నవి జేడీకే (జావా కిట్) 17, 21 వెర్షన్లు. చెప్పబోయే విషయాల్లో రెండింటి ప్రవర్తనా ఒకటే.

పరీక్ష సరుకు మన హైదరాబాద్ మెట్రో రెడ్ లైను. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా తెరిచినప్పుడు ఆ వరుసలో 11 స్టేషన్లు. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట, ఖైరతాబాద్, నాంపల్లి మీదుగా ఎల్బీ నగర్ దాకా ఇంకో 16 కలిశాయి, మొత్తం 27. ముందు 11 పేర్లతో ఒక స్ట్రింగ్ (అక్షరాల) అర్రే కట్టాం అనుకోండి. ఇండెక్స్ (సున్నాతో మొదలయ్యే వరుస సంఖ్య) 0లో మియాపూర్, 10లో అమీర్‌పేట. ఇండెక్స్ 11లో పంజాగుట్ట పెట్టబోతే ‘అర్రే ఇండెక్స్ అవుటాఫ్ బౌండ్స్’ ఎక్సెప్షన్, అంటే ప్రోగ్రాంని ఆపేసే లోపం, వస్తుంది. అర్రే పొడవు పుట్టినప్పుడే ఖాయమైపోతుంది. మెమొరీలో అది ఒకే వరుస ముక్క, దాని పక్క జాగాలో అప్పటికే ఇంకేదో ఆబ్జెక్ట్ కూర్చుని ఉండొచ్చు. కాబట్టి పెంచడం అంటే చివరికి వేరేచోట పెద్ద జాగా తీసుకుని పాత సామానంతా అక్కడికి మోయడమే. ఆ మోత మీరు మోస్తారా, లైబ్రరీ మోస్తుందా అన్నదే తేడా.

ఇక మొదటి పనిముట్టు, అందరూ ముందు పట్టుకునేది: అర్రేస్ డాట్ యాజ్‌లిస్ట్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇది తిరిగిచ్చే వస్తువు క్లాస్ (రకం) పేరు అడిగితే ‘అర్రేలిస్ట్’ అనే వస్తుంది. గందరగోళం అంతా అక్కడే పుట్టింది. అది జావా డాట్ యుటిల్ అనే లైబ్రరీ ప్యాకేజీలో ఉన్న అసలు అర్రేలిస్ట్ కాదు. అర్రేస్ క్లాసు లోపల ప్రైవేటుగా దాచుకున్న ఇంకో చిన్న క్లాసు, పేరు మాత్రం అదే. దాని దగ్గర సొంత నిల్వ ఏమీ ఉండదు. మీరిచ్చిన అర్రేనే లోపల పట్టుకుని, లిస్టు వేషం వేసి చూపిస్తుంది.

అద్దె ఇల్లు గుర్తు తెచ్చుకోండి. సామాను ఈ గదిలోంచి ఆ గదిలోకి మార్చుకోవచ్చు, కొత్త గది మాత్రం వేసుకోలేం, ఉన్నది పడగొట్టలేం. ఇక్కడా అంతే. సెట్ (ఉన్న విలువ మార్చడం) పనిచేస్తుంది, సార్ట్ (క్రమంలో పెట్టడం) పనిచేస్తుంది, గెట్ (చదవడం) సరేసరి. యాడ్ అన్నా, రిమూవ్ అన్నా ‘అన్‌సపోర్టెడ్ ఆపరేషన్’ ఎక్సెప్షన్. ఇంటి ఓనరు దగ్గర ఇంకో తాళంచెవి ఉన్నట్టే, అసలు అర్రే ఎవరి చేతిలో ఉందో వాళ్లు దాన్ని మారిస్తే మీ లిస్టు కూడా మారిపోతుంది. మీరు లిస్టులో మార్చినా అర్రేలో మారుతుంది.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో రెడ్ లైను మీదే చూద్దాం. డ్రాప్‌డౌన్‌లో పేర్లు అక్షర క్రమంలో చూపించాలని ఎవరో యాజ్‌లిస్ట్ ఇచ్చిన లిస్టుని సార్ట్ చేశారు. ఎక్సెప్షన్ రాదు, వార్నింగ్ రాదు. కానీ అసలు అర్రే కూడా సార్ట్ అయిపోయింది. అమీర్‌పేట ఇండెక్స్ 0లోకి వచ్చి కూర్చుంది, మియాపూర్ ఎక్కడో లోపలికి పోయింది. అదే అర్రే మీద ఆధారపడి ‘తర్వాతి స్టేషన్’ చెప్పే ఫంక్షన్ ఇప్పుడు రైలుని అక్షరమాల ప్రకారం నడుపుతుంది. కింద పడిపోయే బగ్గు నయం, ఎక్కడ పడిందో చెప్పే ట్రేస్ వస్తుంది. ఇలా నిలబడి తప్పు చెప్పే బగ్గుతోనే చావు.

ఇంకో మెలిక కూడా ఉంది. ‘రిమూవ్‌ఇఫ్’తో ఒక షరతుకు తగిన పేర్లు తీసేయమంటే, తగిన పేరు ఒక్కటైనా ఉన్నప్పుడే ఎక్సెప్షన్ వస్తుంది. ఏదీ తగలకపోతే అంతా సజావుగా సాగిపోతుంది. టెస్టు డేటాలో తగిలే పేరు లేక పాసైపోయిన కోడు ప్రొడక్షన్‌లో (అసలు వాడకంలో) పడేది ఇలాగే.

అలాగని యాజ్‌లిస్ట్ పనికిరానిదేం కాదు. కాపీ లేదు, ఖర్చు లేదు, పది లక్షల ఎలిమెంట్లున్నా క్షణంలో తయారు. లిస్టు అడిగే మెథడ్‌కి (ఫంక్షన్‌కి), అదీ చదవడానికి మాత్రమే వాడుకునే మెథడ్‌కి, అర్రేని అందించాలంటే ఇంతకంటే తేలిక దారి లేదు. దాన్ని మార్పిడి అనడమే తప్పు.

రెండోది అసలు సమాధానం: కొత్త అర్రేలిస్ట్ కట్టి, దాని కన్‌స్ట్రక్టర్‌కి (ఆబ్జెక్ట్‌ని తయారు చేసే కోడుకి) యాజ్‌లిస్ట్ ఫలితాన్ని ఇవ్వడం. ఇది నిజమైన కాపీ. దీనికి సొంత నిల్వ ఉంటుంది, యాడ్, రిమూవ్ రెండూ నడుస్తాయి, పాత అర్రేతో సంబంధం తెగిపోతుంది. ఇంటర్వ్యూలో ఒక్కటే చెప్పాలంటే ఇదే చెప్పండి. ఒక చిన్న దుబారా ఉంది: కన్‌స్ట్రక్టర్ ముందు ‘టు అర్రే’ పిలిచి ఒక కాపీ తీసుకుంటుంది, వచ్చినది అసలు అర్రేలిస్ట్ నుంచి కాదని తెలిసి జాగ్రత్త కోసం ఇంకోసారి కాపీ చేస్తుంది. అంటే రెండు కాపీలు. 11 స్టేషన్లకు ఎవరికీ తెలియదు. ఒక లూపులో వేలసార్లు పెద్ద అర్రేల మీద జరిగితే మాత్రం సమయం ఎక్కడ ఖర్చవుతోందో కొలిచే ప్రొఫైలర్‌లో కనిపిస్తుంది.

తెగిపోయేది పెట్టెతో సంబంధమే, పెట్టెలోని వస్తువులతో కాదు. స్ట్రింగులు మారవు కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. అదే స్టేషన్ అనే సొంత క్లాసు ఆబ్జెక్టులైతే, లిస్టులోంచి ఒకదాన్ని తీసి దాని పేరు మారిస్తే అర్రేలో కూడా అదే మారిన పేరు కనిపిస్తుంది. రెండు డైమెన్షన్ల అర్రే అయితే మరీను. బయటి వరుస లిస్టు అవుతుంది, లోపలి వరుసలు పాత అర్రేలే.

ఇప్పుడు మిగతా 16 స్టేషన్లు కలుపుదాం. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. కన్‌స్ట్రక్టర్ ద్వారా వచ్చిన లిస్టుకి సరిగ్గా 11 గదులే ఉంటాయి, ఖాళీ ఒక్కటీ ఉండదు. పన్నెండోది యాడ్ చేయగానే సగం చొప్పున పెరుగుతుంది: 11కి సగం (భిన్నం వదిలేస్తే) 5, అంటే 16. పదిహేడోది రాగానే 24. ఇరవై అయిదోదానికి 36. ఒక్కొక్కటిగా యాడ్ చేస్తే ఎల్బీ నగర్ చేరేలోపు మూడుసార్లు ఇల్లు మారి, చివరికి 27 మంది 36 గదుల ఇంట్లో ఉంటారు. అదే 16 పేర్లనూ ఇంకో అర్రేలో పెట్టి, దాన్ని యాజ్‌లిస్ట్‌లో చుట్టి, లిస్టు మీద ‘యాడ్ ఆల్’ ఒక్కసారి పిలిస్తే? సగం పెంపు చాలదని దానికి ముందే తెలుస్తుంది. ఒక్కసారే, సరిగ్గా 27 గదులకు పెరుగుతుంది. ఇలాంటిచోటే యాజ్‌లిస్ట్ తన తిండి తాను సంపాదించుకుంటుంది. ఒక్కొక్కటిగానే చేర్చక తప్పకపోతే ముందుగా ‘ఎన్‌ష్యూర్ కెపాసిటీ’కి 27 ఇచ్చినా అదే ఫలితం. ఒక మెలిక: ఆ మెథడ్ లిస్ట్ ఇంటర్‌ఫేస్‌లో (అన్ని లిస్టులకూ ఉమ్మడి మెథడ్ల జాబితాలో) లేదు, అర్రేలిస్ట్‌లో మాత్రమే ఉంది. వేరియబుల్ టైపు లిస్ట్ అని రాసుకుంటే కోడుని తనిఖీ చేసి అనువదించే కంపైలర్ ఒప్పుకోదు.

మూడోది ‘కలెక్షన్స్ డాట్ యాడ్ ఆల్’. చివర ‘ఎస్’ ఉన్న కలెక్షన్స్, మర్చిపోకండి. ఖాళీ అర్రేలిస్ట్ ఒకటి తయారు చేసి, దాన్నీ అర్రేనీ రెండూ ఇస్తే పేర్లు అందులో చేరతాయి. చదవడానికి ఇదే శుభ్రంగా ఉంటుంది, ఒకే లిస్టులోకి రెండు మూడు అర్రేలు కలపాలంటే చేతికి బాగా వస్తుంది. లోపల మాత్రం ఇది ఒక్కొక్క ఎలిమెంటునీ యాడ్ చేసుకుంటూ పోయే మామూలు లూపు. అందుకని పైన చెప్పినలాంటి ఇల్లు మార్పులు ఇక్కడా జరుగుతాయి. ఎన్ని వస్తాయో తెలిస్తే లిస్టు కట్టేటప్పుడే కన్‌స్ట్రక్టర్‌కి 27 అని ఇచ్చేయండి, గొడవ వదిలిపోతుంది.

నాలుగోది ‘లిస్ట్ డాట్ ఆఫ్’, జావా 9తో వచ్చింది. పెరిగే లిస్టు కావాలని వచ్చినవాళ్లకు ఇది తప్పు దుకాణం. పెరగదు, తగ్గదు, సెట్ కూడా చేయనివ్వదు. అర్రేలో ఒక్క నల్ (విలువ లేని ఖాళీ) ఉన్నా తయారీలోనే నల్ పాయింటర్ ఎక్సెప్షన్. తయారయ్యాక ‘ఇందులో నల్ ఉందా’ అని కంటెయిన్స్‌తో అడిగినా అదే ఎక్సెప్షన్. మారకూడని జాబితాకి మాత్రం గట్టి సరుకు. కాపీ తీసుకుంటుంది కాబట్టి అర్రే చేతిలో ఉన్నవాళ్లు కూడా దీన్ని కదపలేరు.

అయిదోది స్ట్రీమ్, ఎలిమెంట్లని ఒక్కొక్కటిగా పంపే గొట్టం లాంటిది. అర్రేని స్ట్రీమ్ చేసి లిస్టుగా పోగు చేయడం. దీన్లో మూడు ముగింపులున్నాయి, మూడూ ఒకేలా కనిపిస్తాయి. జావా 16లో వచ్చిన పొట్టి ‘టు లిస్ట్’ మార్చలేని లిస్టునిస్తుంది, నల్ ఉన్నా ఒప్పుకుంటుంది. జావా 8 నాటి ‘కలెక్టర్స్ డాట్ టు లిస్ట్’ ఇవాళ అర్రేలిస్టే ఇస్తోంది, కానీ ఏ రకం లిస్టు ఇస్తానన్నది, దాన్ని మార్చుకోవచ్చా లేదా అన్నది డాక్యుమెంటేషన్‌లో హామీ ఇవ్వలేదు. హామీతో అర్రేలిస్ట్ కావాలంటే ‘టు కలెక్షన్’ వాడి, అర్రేలిస్ట్ కన్‌స్ట్రక్టర్‌ని చేతికివ్వాలి. పాత కోడు శుభ్రం చేస్తున్నామని ఐడీఈ (కోడు రాసే సాఫ్ట్‌వేర్) పసుపు గీత చూపించిన ప్రతిచోటా రెండోదాన్ని మొదటిదిగా మార్చేస్తుంటారు. ఆ లిస్టుకి ఎక్కడో దూరంగా యాడ్ చేసే లైను ఉంటే ప్రోగ్రాం నడిచేదాకా ఎవరికీ తెలియదు.

ఇన్నింట్లోనూ వచ్చేది అదే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్, పక్కన మెసేజ్ కూడా సాధారణంగా ఉండదు. మరి దోషి ఎవరో ఎలా కనిపెట్టాలి? స్టాక్ ట్రేస్‌లో (ఎక్సెప్షన్ ఎక్కడ పుట్టిందో చూపే జాబితాలో) పై లైన్లు చూడండి. యాడ్ చేయబోతే ‘అబ్‌స్ట్రాక్ట్ లిస్ట్ డాట్ యాడ్’ అని కనిపించిందా, చాలాసార్లు అది యాజ్‌లిస్ట్ పని. ‘ఇమ్యూటబుల్ కలెక్షన్స్’ అని ఉంటే లిస్ట్ డాట్ ఆఫ్ గానీ స్ట్రీమ్ పొట్టి టు లిస్ట్ గానీ. ‘అన్‌మాడిఫయబుల్ కలెక్షన్’ అని ఉంటే ఎవరో కావాలనే తాళం వేసి ఇచ్చారు. మందు మూడింటికీ ఒకటే: వచ్చిన లిస్టుని కొత్త అర్రేలిస్ట్ కన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చి మీ సొంత కాపీ చేసుకోవడం. ఆ కాపీ మెథడ్ గుమ్మంలోనే తీసుకోండి. లోపల ఎక్కడో ఎక్సెప్షన్ పట్టుకుని మింగేయడం మాత్రం వద్దు.

ఇప్పటిదాకా చెప్పింది స్ట్రింగ్ లాంటి ఆబ్జెక్టుల అర్రే సంగతి. ఇంట్ (పూర్ణ సంఖ్యల) అర్రే దగ్గర కథ వేరు. సిటీ బస్సు రూట్ నంబర్లు నాలుగు తీసుకోండి: 1, 8, 49, 218. ఈ ఇంట్ అర్రేని యాజ్‌లిస్ట్‌కి ఇస్తే నాలుగు నంబర్ల లిస్టు రాదు. ఒకే ఒక్క ఎలిమెంటున్న లిస్టు వస్తుంది, ఆ ఎలిమెంటు మీ అర్రే. జావా జెనెరిక్స్‌లో (లిస్టు ఏ రకం వస్తువులు పట్టుకోవాలో చెప్పే ఏర్పాటులో) ఇంట్ లాంటి ప్రిమిటివ్‌కి (ఆబ్జెక్ట్ కాని వట్టి విలువకి) చోటు లేదు, కాబట్టి అర్రే మొత్తాన్నీ ఒక వస్తువుగా తీసుకుంటుంది. ఫలితాన్ని ఇంటిజర్ (ఇంట్‌ని చుట్టిన ఆబ్జెక్ట్) లిస్టుగా రాసుకుంటే కంపైలర్ ఆపుతుంది, బతికిపోతారు. కానీ మధ్యలో వేరియబుల్ లేకుండా నేరుగా ‘218 ఉందా’ అని కంటెయిన్స్ అడిగితే చక్కగా కంపైల్ అవుతుంది, ఎప్పుడూ లేదనే చెబుతుంది. లిస్ట్ డాట్ ఆఫ్‌లో కూడా ఇదే ఉచ్చు.

సరైన దారి: అర్రేస్ డాట్ స్ట్రీమ్, తర్వాత ‘బాక్స్‌డ్’ (ప్రతి ఇంట్‌నీ ఇంటిజర్‌గా చుట్టేది), చివర టు కలెక్షన్. లేదంటే మామూలు ఫర్ లూపు, అందులో నామోషీ ఏమీ లేదు. లిస్టు వచ్చాక ఇంకో రెండు గోతులు చూసుకోవాలి. రూట్ 1 తీసేద్దామని రిమూవ్‌కి 1 ఇస్తే, అది విలువ కాదు, ఇండెక్స్. పోయేది రూట్ 8. రూట్ 49 తీయబోతే ఇండెక్స్ దాటిపోయిందని ఎక్సెప్షన్. విలువని తీయాలంటే దాన్ని ‘ఇంటిజర్ డాట్ వాల్యూఆఫ్’లో చుట్టి ఇవ్వాలి. రెండోది పోలిక. రెండు లిస్టుల్లోంచి తీసిన ఇంటిజర్లని డబుల్ ఈక్వల్స్‌తో పోలిస్తే 49 దగ్గర నిజం అంటుంది, 218 దగ్గర అబద్ధం అంటుంది. మైనస్ 128 నుంచి 127 దాకా ఇంటిజర్లని జావా ముందే తయారు చేసి పెట్టుకుని అందరికీ అవే ఇస్తుంది. ఆపైన మామూలుగా ఎప్పటికప్పుడు కొత్త ఆబ్జెక్ట్. ఈక్వల్స్ మెథడ్ వాడండి.

ఖర్చు కూడా లెక్కేసుకోవాలి. ఇంట్‌కి 4 బైట్లు. 64 బిట్ హాట్‌స్పాట్‌లో (జావా ప్రోగ్రాంలని నడిపే ఇంజన్‌లో) మామూలు సెట్టింగులతో ఒక ఇంటిజర్ ఆబ్జెక్ట్ 16 బైట్లు, లిస్టులో దాన్ని చూపే రెఫరెన్స్ 4 బైట్లు, వెరసి 20. పది లక్షల పెద్ద నంబర్లుంటే 4 ఎంబీ కాస్తా 20 ఎంబీ అవుతుంది. నంబర్లు తప్ప ఇంకేమీ లేని పెద్ద డేటాకి లిస్టు మోజు అనవసరం. ఇంట్ అర్రేనే ఉంచి, నిండినప్పుడు ‘అర్రేస్ డాట్ కాపీఆఫ్’తో రెట్టింపు చేసుకోండి. ఎన్ని నిండాయో ఒక కౌంటరు పెట్టుకోవాలి, ఎందుకంటే మిగిలిన గదుల్లో సున్నాలుంటాయి, అవి డేటాలో భాగమని లూపు అనుకోకూడదు.

పెరిగే లిస్టు చేతికొచ్చాక వచ్చే మొదటి ప్రమాదం లూపులో తీసేయడం. ఫర్ ఈచ్ లూపు తిరుగుతుండగా లిస్టులోంచి ఒక పేరు తీస్తే ‘కాంకరెంట్ మాడిఫికేషన్’ ఎక్సెప్షన్ వస్తుందని అందరికీ తెలుసు. ఎప్పుడు రాదో చూడండి. మొదటి 11 స్టేషన్ల లిస్టులో ఎస్‌ఆర్ నగర్ చివరి నుంచి రెండోది, ఇండెక్స్ 9. లూపు దాని దగ్గరికి వచ్చినప్పుడు కర్సర్ (తర్వాత చూడబోయే ఇండెక్స్) 10. దాన్ని తీయగానే సైజు కూడా 10 అయింది. రెండూ సమానం కాబట్టి అయిపోయిందనుకుని లూపు ఆగిపోతుంది. ఎక్సెప్షన్ లేదు, అమీర్‌పేటని ఎవరూ పలకరించనూ లేదు. రిమూవ్‌ఇఫ్ వాడితే ఈ బెడద ఉండదు, అసలు అర్రేలిస్ట్ అయితేనే సుమా.

జావా బయట సంగతి రెండు ముక్కల్లో. సీ షార్ప్‌లో ‘టు లిస్ట్’ నిజమైన, పెరిగే లిస్టే ఇస్తుంది, ఇంట్‌లకు బాక్సింగ్ బాధ లేదు, నిండితే రెట్టింపవుతుంది. అర్రేని ఐలిస్ట్‌గా (అక్కడి లిస్టు ఇంటర్‌ఫేస్‌గా) చూపించి యాడ్ అంటే మాత్రం ‘నాట్ సపోర్టెడ్’. కాట్లిన్‌లో పేర్లే నిజం చెబుతాయి: ‘టు మ్యూటబుల్ లిస్ట్’ కాపీ, పెరుగుతుంది, ‘యాజ్ లిస్ట్’ అర్రే మీద కప్పిన తెర. పైథాన్‌లో లిస్టు పుట్టుకతోనే పెరుగుతుంది కాబట్టి ఈ గొడవ నంపై (అంకెల లెక్కల లైబ్రరీ) అర్రేతోనే. ‘టు లిస్ట్’ మెథడ్ మామూలు పైథాన్ అంకెలిస్తుంది, లోపలి వరుసల్ని కూడా లిస్టులు చేస్తుంది. ‘లిస్ట్’ ఫంక్షన్‌లో చుడితే అంకెలు నంపై రకంగానే మిగులుతాయి, జేసన్‌లోకి (డేటాని అక్షరాల రూపంలో పంపే ఫార్మాట్‌లోకి) పంపబోతే ఇంట్64ని సీరియలైజ్ చేయలేనంటుంది.

ఇంత కష్టపడి లిస్టు చేశాక, పాత లైబ్రరీ ఒకటి మళ్లీ అర్రేనే అడుగుతుంది. ఊరికే టు అర్రే అంటే ఆబ్జెక్ట్ అర్రే వస్తుంది, అర్రేలిస్ట్ నుంచి వచ్చినదాన్ని స్ట్రింగ్ అర్రేగా క్యాస్ట్ చేస్తే (బలవంతంగా ఆ రకంగా చూపిస్తే) ‘క్లాస్ క్యాస్ట్’ ఎక్సెప్షన్. సున్నా పొడవున్న స్ట్రింగ్ అర్రే ఒకటి చేతికిస్తే సరైన రకం, సరైన పొడవుతో కొత్తది కట్టి ఇస్తుంది. పొదుపు కోసమని పాతది, 40 గదుల అర్రే ఒకటి ఇచ్చారనుకోండి. 27 పేర్లు అందులోనే నింపి, ఇండెక్స్ 27లో ఒకే ఒక్క నల్ పెట్టి ఊరుకుంటుంది. ఆ తర్వాతి 12 గదుల్లో పాత పేర్లుంటే అలాగే ఉంటాయి.